దత్తత క్యూలో ఆలస్యం ఎక్కడ పుడుతుంది

హైదరాబాద్ యూసుఫ్‌గూడలోని ప్రభుత్వ శిశు సంరక్షణ కేంద్రం శిశువిహార్‌కు దత్తత గురించి కనుక్కోవడానికి వచ్చే జంటల మనసులో సాధారణంగా ఒక బొమ్మ ఉంటుంది. లోపల పిల్లలున్నారు, బయట మేమున్నాం, మధ్యలో ఎవరో పెద్దాయన సంతకం పెట్టాలి. ఆ పెద్దాయన ఎవరో తెలిస్తే పని అయిపోతుంది. ఈ లెక్క 2015లోనే చెల్లకుండా పోయింది. అప్పటినుంచి దేశంలో దత్తతకు సిద్ధంగా ఉన్న పిల్లలు, దత్తత కోరే తల్లిదండ్రులు అందరూ ఒకే ఆన్‌లైన్ జాబితాలోకి వచ్చారు. దాన్ని నడిపేది కేంద్ర దత్తత వనరుల ప్రాధికార సంస్థ, అందరి నోట్లో నలిగే పేరు కారా. దాని పోర్టల్ పేరు కేరింగ్స్. శిశువిహార్ గానీ, జిల్లాల్లోని శిశుగృహలు గానీ, స్వచ్ఛంద సంస్థల ఆధ్వర్యంలోని దత్తత కేంద్రాలు గానీ తమ దగ్గరున్న బిడ్డను తమకు నచ్చినవాళ్ల చేతిలో పెట్టలేవు.

2024-25లో దేశం మొత్తం మీద జరిగిన దత్తతలు 4,515. అంతకుముందు ఏడాది 4,009. పోర్టల్లో పేరు నమోదు చేసుకుని కూర్చున్నవాళ్లు 30 వేలు దాటి ఉన్నారు. రెండేళ్లలోపు, ఏ అనారోగ్యమూ లేని బిడ్డ కావాలంటే మూడేళ్లకు పైగా ఆగాల్సి వస్తోంది. చుట్టాలు, స్నేహితులు చెప్పేది ఈ ఒక్క అంకెనే. కానీ ఆ మూడేళ్లలో అన్ని నెలలూ ఒకే కారణం వల్ల రావు. కొన్ని నెలలు బిడ్డ రక్షణ కోసం చట్టం పెట్టినవి, వాటిని ఎవరూ తగ్గించలేరు. కొన్ని పిల్లల కొరత వల్ల వచ్చేవి. ఇంకొన్ని దరఖాస్తు రోజున మనమే మన ఫారంలో రాసుకున్నవి. మూడింటినీ కలిపేసి ‘గవర్నమెంటు పని, అంతే’ అనుకున్న రోజున దళారీ ఫోన్ వస్తుంది.

ముందు వయసు సంగతి, ఎందుకంటే ఎక్కువ నష్టం ఇక్కడే జరుగుతుంది. 2022 దత్తత నియమావళి జంట వయసును కలిపి చూస్తుంది. రెండేళ్లలోపు బిడ్డకు భార్యాభర్తల వయసు మొత్తం 85 దాటకూడదు. రెండు నుంచి నాలుగేళ్ల బిడ్డకు 90, నాలుగు నుంచి ఎనిమిదికి 100, ఎనిమిది నుంచి పద్దెనిమిదికి 110. ఒంటరిగా దరఖాస్తు చేసేవారికి ఇవే మెట్లు 40, 45, 50, 55. బిడ్డకూ, దంపతుల్లో ఏ ఒక్కరికైనా మధ్య కనీసం 25 ఏళ్ల తేడా ఉండాలి. లెక్కలోకి వచ్చేది నమోదు చేసుకున్న తేదీ నాటి వయసు. గమనించాల్సిన చిన్న గణితం ఏమిటంటే, ఏడాది గడిస్తే జంట వయసు రెండేళ్లు పెరుగుతుంది. భర్తకు 43, భార్యకు 39 అనుకుంటే మొత్తం 82. ‘ఇంకో రెండు సార్లు ఐవీఎఫ్ చూద్దాం, కాకపోతే అప్పుడు’ అని రెండేళ్లు వాయిదా వేస్తే 86. పసిబిడ్డ గీత దాటిపోయినట్టే. సంతాన సాఫల్య కేంద్రాల బోర్డులు వీధికొకటి కనిపించే నగరంలో ఈ వాయిదా చాలా మామూలు విషయం. చికిత్స సాగుతుండగా పేరు నమోదు చేసుకోకూడదనే నిషేధం ఏదీ లేదు. ఆ సంగతి దాచకుండా సోషల్ వర్కర్‌కు చెబితే చాలు.

దంపతులైతే కనీసం రెండేళ్ల స్థిరమైన వైవాహిక జీవితం ఉండాలి, ఇద్దరి సమ్మతీ ఉండాలి. పెళ్లి చేసుకోకుండా కలిసి ఉంటున్న ఇద్దరు ఉమ్మడిగా దరఖాస్తు చేయడానికి వీల్లేదు. ఒంటరి మహిళ ఆడపిల్లనైనా మగపిల్లవాడినైనా తీసుకోవచ్చు. ఒంటరి పురుషుడికి ఆడపిల్లను ఇవ్వరు. ఇప్పటికే ఇద్దరు అంతకంటే ఎక్కువ మంది పిల్లలున్న జంటకు ప్రత్యేక అవసరాలున్న పిల్లలు, కుటుంబం దొరకడం కష్టమైన పిల్లల విషయంలోనే అవకాశం ఉంది. సొంత ఇల్లు, ఇంత జీతం అన్న నిబంధన ఎక్కడా లేదు.

మతం అడ్డు కాదు. ఇది నగరంలో ప్రత్యేకంగా చెప్పుకోవాల్సిన మాట. పాతబస్తీలోని ముస్లిం కుటుంబాలు, సికింద్రాబాద్‌లోని క్రైస్తవ కుటుంబాలు చాలాకాలం 1890 నాటి సంరక్షకుల చట్టం కింద గార్డియన్లుగా మాత్రమే ఉండగలిగాయి, చట్టబద్ధమైన తల్లిదండ్రులు కాలేకపోయాయి. పిల్లల సంరక్షణ, దత్తతల కోసం ఉన్న బాల న్యాయ చట్టం ఏ మతం వారికైనా దత్తత దారి తెరిచిందని 2014లో షబ్నమ్ హష్మీ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. ఇష్టమున్నవాళ్లు ఆ దారిన వెళ్లవచ్చు, బలవంతం లేదు.

కాగితాల దగ్గర జరిగే తంటా

నమోదు పోర్టల్లో చేస్తారు. ఆ తర్వాత 30 రోజుల్లో పత్రాలు అప్‌లోడ్ చేయాలి. కుటుంబం ఫొటో, పాన్ కార్డు, పుట్టిన తేదీకి రుజువు, చిరునామా రుజువు, గత ఏడాది ఆదాయం, ప్రాణాంతకమైన, అంటుకునే జబ్బులు లేవని డాక్టరు ధ్రువపత్రం, పెళ్లి సర్టిఫికెట్, తెలిసినవారి నుంచో బంధువుల నుంచో రెండు సిఫారసు ఉత్తరాలు. విడాకులైతే డిక్రీ, భర్త లేదా భార్య పోయి ఉంటే మరణ ధ్రువపత్రం. ఇంట్లో ఐదేళ్లు దాటిన బిడ్డ ఉంటే ఆ బిడ్డ సమ్మతి కూడా అడుగుతారు. ఒంటరిగా దరఖాస్తు చేసేవారికి, ఏదైనా జరిగితే బిడ్డను చూసుకుంటానని దగ్గరి బంధువు ఇచ్చే హామీపత్రం అవసరం. క్యూలో మీ స్థానం పత్రాలన్నీ ఎక్కించి నమోదు పూర్తిచేసిన తేదీ నుంచి లెక్కకొస్తుంది, పేరు రాసిన రోజు నుంచి కాదు.

జాబితా చదవడానికి తేలికే. తెలుగు ఇళ్లలో అది మూడు చోట్ల ఇరుక్కుంటుంది. మొదటిది ఇంటిపేరు. భార్య పదో తరగతి మెమోలో పుట్టింటి పేరు, ఆధార్‌లో అత్తింటి పేరు, పాన్‌లో ఇంటిపేరు ఒక అక్షరమే. మూడూ ఒకే మనిషివని మనకు తెలుసు, ఫైలు చూసేవారికి తెలియదు. ముందే ఆధార్, పాన్ ఒకేలా సరిచేయించుకోవడం మేలు. రెండోది పెళ్లి సర్టిఫికెట్. ఘనంగా ఫంక్షన్ హాల్లో చేసుకున్న పెళ్లి పదేళ్ల తర్వాత కూడా రిజిస్టర్ కాకుండా ఉండటం అరుదేమీ కాదు. శుభలేఖ, తాళి కట్టే ఫొటో, వయసు రుజువులు, సాక్షులతో సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఇప్పటికైనా చేయించుకోవచ్చు, కానీ 30 రోజుల గడువు మొదలయ్యాక పరుగెత్తడం కంటే ముందే కానిచ్చుకోవాలి.

మూడోది అందరూ తేలిగ్గా తీసుకునేది: చిరునామా. హైదరాబాద్ అని మనం పిలిచే నగరం కనీసం నాలుగు రెవెన్యూ జిల్లాల్లో ఉంది. గచ్చిబౌలి, ఎల్బీనగర్ రంగారెడ్డి జిల్లా. కూకట్‌పల్లి, ఉప్పల్ మేడ్చల్-మల్కాజిగిరి. అమీన్‌పూర్, పటాన్‌చెరు సంగారెడ్డి. ఇంటి అధ్యయనం, ఫాలోఅప్ అన్నీ జిల్లా బాలల పరిరక్షణ విభాగం, అంటే డీసీపీయూ పరిధిని బట్టి నడుస్తాయి. నిజాంపేటలో అద్దెకుంటూ ఆధార్‌లో సొంతూరు జగిత్యాల చిరునామా ఉంటే, ఫైలు అక్కడికి పోయి, అక్కడినుంచి మనిషి వచ్చి తాళం వేసిన ఇల్లు చూసి వెళ్లే పరిస్థితి వస్తుంది. ఉంటున్న ఇంటి చిరునామాయే ఇవ్వాలి. అద్దె ఇల్లయినా తప్పులేదు. ఇల్లు మారినప్పుడు పోర్టల్లో, డీసీపీయూలో కూడా మార్పించాలి.

ఇంకొక చిన్న పొరపాటు, ఫలితం మాత్రం పెద్దది. కంప్యూటర్ అలవాటు లేనివాళ్లు ఇంటర్నెట్ సెంటర్‌లో నమోదు చేయిస్తారు. ఆ కుర్రాడు తొందరలో తన మెయిల్ ఐడీయో, తన నంబరో పెట్టేస్తాడు. మూడేళ్ల తర్వాత బిడ్డ వివరాలు వచ్చేది ఆ మెయిల్‌కే.

ఇక డాక్టరు ధ్రువపత్రం. షుగర్, బీపీ ఉన్నంత మాత్రాన దరఖాస్తు తోసిపుచ్చరు. ‘మధుమేహం ఉంది, మందులతో అదుపులో ఉంది, బిడ్డను పెంచే శక్తికి ఆటంకం లేదు’ అని స్పష్టంగా రాయించుకోవడం మంచిది. ఏమీ లేదని రాయించి, ఇంటికొచ్చిన సోషల్ వర్కర్‌కు ఫ్రిజ్‌లో ఇన్సులిన్ కనబడితే చెడేది ఆరోగ్యం మీద అభిప్రాయం కాదు, నమ్మకం.

ఇంటికి వచ్చేవాళ్లు ఏం చూస్తారు

ఇంటి అధ్యయనం, అంటే హోమ్ స్టడీ, అనగానే చాలా ఇళ్లలో సున్నాలు వేయించి, కొత్త సోఫా కొని, ఒక గదిలో కార్టూన్ బొమ్మల స్టిక్కర్లు అంటిస్తారు. వచ్చినవాళ్లకు వాటితో పని లేదు. బాల్కనీకి గ్రిల్ ఉందా, నీళ్ల సంపుకు మూత ఉందా, పగలు ఇద్దరూ ఆఫీసుకు పోతే బిడ్డ ఎవరి దగ్గర ఉంటుంది అన్నవి వాళ్ల ప్రశ్నలు. దత్తత ఏజెన్సీ సోషల్ వర్కర్ గానీ, డీసీపీయూ పంపినవారు గానీ పత్రాలు అందిన 60 రోజుల్లో నివేదిక పూర్తిచేయాలి. అది మూడేళ్లు చెల్లుతుంది. క్యూ అంతకంటే పొడవుగా సాగితే తిరిగి చేయించుకోవాలి.

భార్యాభర్తలతో విడివిడిగా మాట్లాడతారు. ఇద్దరి జవాబులూ అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉంటే అది మంచి గుర్తు కాదు, ఎవరో ట్యూషన్ చెప్పారని అర్థం. పిల్లలు పుట్టని బాధ నుంచి ఎంతవరకు తేరుకున్నారు, బిడ్డకు దత్తత విషయం ఎప్పుడు చెబుతారు, అత్తమామలు ఏమంటున్నారు అని అడుగుతారు. ఈ చివరి ప్రశ్న మన దగ్గర నిజంగా ఫైళ్లను ఆపుతుంది. ఇంట్లో పెద్దావిడ మొహం మీదే ‘ఎవరి బిడ్డో, ఏ కులమో’ అంటే దాన్ని నవ్వుతో కప్పేయడం కుదరదు. పెద్దల మనసు మారడానికి టైం కావాలంటే అదే మాట చెప్పవచ్చు. ఒకే కప్పు కింద ఉండని అత్తమామల అయిష్టం వల్లే దరఖాస్తు పోదు. అదే ఇంట్లో, బిడ్డను రోజంతా చూసుకోవాల్సిన మనిషిదే ఆ అయిష్టమైతే మాత్రం కథ వేరు.

‘అసలు చెప్పం, మా బిడ్డలాగే పెంచుతాం’ అనే జవాబు ప్రేమతోనే వస్తుంది. కానీ సోషల్ వర్కర్ దాన్ని ప్రమాదంగానే రాసుకుంటారు. పెళ్లిళ్లలో, చావుల్లో నోరు జారే బంధువు ఒకరైనా ఉండని కుటుంబం లేదు. పదహారేళ్లప్పుడు మేనత్త నోటి నుంచి వినడం కంటే మూడేళ్లప్పుడు అమ్మ ఒళ్లో కథగా వినడం నయం.

ఫారంలో ఆ ఐదు గడులు

నమోదులో ఎంచుకునేవి: ఆడా మగా ఎవరైనా ఫర్వాలేదా, వయసు, ఆరోగ్య స్థితి, ఒక బిడ్డా తోబుట్టువులా, ఏ రాష్ట్రం. కులం, మతం, రంగు ఎంచుకునే గడి లేదు, ఉండదు. క్యూ పొడవును నిజంగా నిర్ణయించేవి ఈ ఎంపికలే. రెండేళ్లలోపు, ఆరోగ్యవంతమైన, తెలంగాణ బిడ్డ అని రాసినవాళ్లు అత్యంత రద్దీ ఉన్న వరుసలో నిలబడ్డట్టు. వయసు గీతను నాలుగేళ్లకు, ఆరేళ్లకు జరిపితే, రాష్ట్రాన్ని విప్పేస్తే వరుస పలచబడుతుంది. భాష గురించి భయపడేవాళ్లుంటారు. ఏడాది బిడ్డకు ఒడియా, మరాఠీ వింటూ పెరిగిన చెవి ఉంటుంది తప్ప మాట్లాడే భాష ఇంకా సరిగా రాదు. ఆరేళ్ల బిడ్డ విషయంలో మొదటి రెండు మూడు నెలలు మాట కుదరక ఇబ్బంది పడటం నిజమే.

అలాగని క్యూ తగ్గుతుందన్న ఆశతో పెద్ద వయసు బిడ్డను ఎంచుకోవడం పొరపాటు. ఏడేళ్ల బిడ్డ తనతో పాటు ఏడేళ్ల బతుకును తెస్తుంది. తిండి దొరకదేమోనని దిండు కింద బిస్కెట్లు దాచుకోవడం, మొదటి నెల అతి మంచిగా ఉండి రెండో నెలలో అన్నీ విసిరికొట్టడం, ఆయమ్మ కోసం ఏడవడం, ఇవన్నీ మామూలు. ఇవి తెలియకుండా తీసుకున్నచోటే దత్తతలు మధ్యలో తెగిపోతున్నాయి. అలా తిరిగివెళ్లిన బిడ్డకు అది రెండోసారి వదిలేయడం.

‘ప్రత్యేక అవసరాలు’ అన్న మాట చూసి పేజీ మూసేసేవాళ్లూ ఎక్కువే. ఆ వర్గంలో తీవ్రమైన వైకల్యాలున్నాయి, శస్త్రచికిత్సతో సరిచేయగలిగినవీ ఉన్నాయి. గ్రహణమొర్రి, గుండెలో చిన్న రంధ్రం అన్న మాటలకు పిల్లల డాక్టరు ఇచ్చే అర్థం, మనం ఊహించుకునే అర్థం ఒకటి కావు. ఈ పిల్లల కోసం పోర్టల్లో వేరే వరుస ఉంది, అక్కడ సీనియారిటీ కోసం ఏళ్లు ఆగనక్కర్లేదు.

నలభై ఎనిమిది గంటలు

వంతు వచ్చాక బిడ్డ ఫొటో, బిడ్డ అధ్యయన నివేదిక, వైద్య నివేదిక పోర్టల్లో కనిపిస్తాయి. 48 గంటల్లో ‘రిజర్వ్’ చేయాలి. ఈ గంటలు ఆదివారం ఆగవు, అమావాస్యకు ఆగవు. మూడేళ్లు ఎదురుచూసి, నక్షత్రం చూపించి రేపు చేద్దామనుకుని గడువు దాటించుకునే అవకాశం ఎప్పుడూ ఉంది. పైగా వదిలేసిన బిడ్డల విషయంలో పుట్టిన తేదీ వైద్యులు అంచనా వేసి రాసినది. ఆ తేదీకి నక్షత్రం, రాశి లెక్క కట్టడం పంచాంగానికి కూడా అన్యాయమే.

రిజర్వ్ చేయడమంటే ఒప్పుకున్నట్టు కాదు. ఆ తర్వాత ఏజెన్సీకి వెళ్లి, దత్తత కమిటీని కలిసి, బిడ్డను చూసి, అప్పుడు అంగీకార సంతకం పెడతారు. ఈ వ్యవధిలో వైద్య నివేదికను మీకు నమ్మకమున్న పిల్లల డాక్టరుకు చూపించుకునే హక్కు నియమావళే ఇస్తోంది, తప్పకుండా వాడుకోవాలి. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ ఎనిమిదో నెలలో కూర్చోకపోతే, పుట్టాల్సిన తేదీ నుంచి లెక్కేసి చూడాలని డాక్టరు చెబుతారు. సంస్థలో పెరిగే పిల్లల్లో మాట, నడక కొంచెం ఆలస్యం కావడం తరచూ కనిపిస్తుంది. బరువు, తల చుట్టుకొలత నెలనెలా ఎలా పెరిగాయన్న కాగితం అడిగి తీసుకోండి. ఒక రోజు అంకె కంటే ఆ వరుస ఎక్కువ చెబుతుంది.

మూడు వేర్వేరు అవకాశాల్లో బిడ్డను కాదంటే ఏడాది పాటు మళ్లీ నమోదు చేసుకోలేరు. అందుకే ఫారంలో ఇష్టం లేని దానికి ‘సరే’ అని టిక్ పెట్టడం తెలివి కాదు.

అంగీకరించాక పది రోజుల్లో బిడ్డను దత్తతకు ముందటి సంరక్షణ కింద ఇంటికి తీసుకెళ్లవచ్చు. కాగితం ఇంకా పూర్తికాలేదు, బిడ్డ మాత్రం ఇంట్లో ఉంటుంది. ఏజెన్సీ, డీసీపీయూ ద్వారా ఫైలు జిల్లా కలెక్టరుకు వెళుతుంది. 2022 సెప్టెంబరుకు ముందు ఇది కోర్టు పని. 2021లో చేసిన చట్ట సవరణ దాన్ని కలెక్టర్లకు అప్పగించింది. రెండు నెలల్లో తేల్చాలి. ఉత్తర్వు తేదీ నుంచి బిడ్డ అన్ని విధాలా మీ సొంత బిడ్డే, ఆస్తి హక్కుతో సహా. మీ పేర్లతో జనన ధ్రువపత్రం ఆ ఉత్తర్వు ఆధారంగా వస్తుంది. అది చేతికొచ్చాక పేరు స్పెల్లింగులు అక్కడికక్కడే సరిచూసుకోవాలి. ఆధార్, పాస్‌పోర్ట్, బడి అన్నీ దాని వెంటే నడుస్తాయి.

మొదటి వారాలకు ఒక్క మాట. శిశుగృహలో ఏ పాలపొడి, ఏ గంటకు, ఏ వైపు పడుకోబెడతారు, ఏ పాట పాడతారు అని ఆయమ్మను అడిగి రాసుకోండి. వాడిన దుప్పటి ఇస్తారేమో అడగండి. ఇంటికొచ్చిన రోజునే పాలపొడి మార్చి, వంద మందిని పిలిచి బారసాల చేస్తే విరేచనాలతో ఆసుపత్రికి పరుగెత్తాల్సి రావచ్చు.

సెలవు సంగతి ముందే తెలుసుకోవాలి. 2017 ప్రసూతి చట్ట సవరణ దత్తత తల్లికి 12 వారాల సెలవు ఇచ్చింది, కానీ బిడ్డ వయసు మూడు నెలల్లోపు ఉండాలని షరతు పెట్టింది. ఆ షరతును 2026లో సుప్రీంకోర్టు కొట్టేసింది. అది ఎంత అందనిదో కింది గడువులు చూస్తే తెలుస్తుంది. తల్లి స్వయంగా అప్పగించిన బిడ్డ విషయంలో మనసు మార్చుకోవడానికి చట్టం 60 రోజులు ఇస్తుంది. వదిలేసిన పసిబిడ్డ అయినవాళ్లను వెతకడానికి జిల్లాలో పిల్లల రక్షణ వ్యవహారాలు తేల్చే బాలల సంక్షేమ సమితికి రెండు నెలలు, రెండేళ్లు దాటిన బిడ్డ అయితే నాలుగు నెలలు గడువుంది. ఆ తర్వాతే జాబితాలోకి ఎక్కడం, రిజర్వ్ చేయడం, కమిటీ. మూడు నెలల్లోపు బిడ్డ ఇంటికి చేరడం దాదాపు అసాధ్యమని ఈ తేదీలే చెబుతాయి. తీర్పు వచ్చినా కంపెనీ హెచ్ఆర్‌లో దత్తత సెలవు గురించి ముందే రాతపూర్వకంగా అడిగి ఉంచుకోవడం అవసరం.

దగ్గరదారి ఖరీదు

అధికారిక ఖర్చు ఎంత? ఇంటి అధ్యయనానికి 6,000 రూపాయలు, దత్తత తర్వాత జరిగే ఒక్కో ఫాలోఅప్ విజిట్‌కు 2,000, బిడ్డను స్వీకరించేటప్పుడు శిశు సంరక్షణ నిధికి కట్టే మొత్తం, అన్నీ కలిపినా లక్షలోపే. రశీదు లేని రూపాయి ఏదైనా అడిగితే అది దత్తత కాదు, కొనుగోలు.

ఈ నగరానికి ఆ చరిత్ర ఉంది. 1999-2001 మధ్య లంబాడా తండాల పసిపిల్లలను దత్తత పేరుతో అమ్మిన ఉదంతాలు బయటపడి ఉమ్మడి రాష్ట్రం అట్టుడికింది. 2024లో మేడిపల్లి పోలీసులు పట్టుకున్న ముఠా ఢిల్లీ, పుణె నుంచి పసివాళ్లను తెచ్చి ఇక్కడి జంటలకు అమ్మింది. కొన్నవాళ్ల ఇళ్లలో పెరుగుతున్న ఆ పిల్లలను శిశువిహార్‌కు తరలించారు. బిడ్డ కోసం కొన్ని జంటలు సుప్రీంకోర్టు దాకా పోరాడాల్సి వచ్చింది. 2025లో సికింద్రాబాద్‌లో ఒక సంతాన సాఫల్య కేంద్రం సరొగసీ (అద్దెగర్భం) బిడ్డ అని చెప్పి ఒక జంట దగ్గర 35 లక్షల దాకా వసూలు చేసింది. డీఎన్ఏ పరీక్ష చేయిస్తే బిడ్డ వాళ్లది కాదు. పేద తల్లిదండ్రుల నుంచి 90 వేలకు కొన్న బిడ్డ అని పోలీసులు తేల్చారు.

‘ఆసుపత్రిలో ఒక అమ్మాయి బిడ్డను వద్దంటోంది, స్టాంపు పేపరు రాసుకుంటే సరిపోతుంది’ అన్న మాట విన్నప్పుడు గుర్తుంచుకోవాల్సింది ఇది. బిడ్డను కొనడానికి, అమ్మడానికి బాల న్యాయ చట్టం 81వ సెక్షన్ కింద ఐదేళ్ల దాకా కఠిన జైలు, లక్ష రూపాయల జరిమానా. నోటరీ ముద్రకు ఇక్కడ విలువ లేదు. నిజంగా వద్దనుకునే తల్లికి చట్టం ఒక దారి చూపించింది: బాలల సంక్షేమ సమితి ముందు బిడ్డను అప్పగించడం, లేదా పిల్లల సహాయవాణి 1098కి ఫోన్ చేయడం. అలా వచ్చిన బిడ్డ జాబితాలోకే వెళుతుంది, తెచ్చినవాళ్ల చేతికి రాదు. ఇది చాలామందికి కష్టంగా తోస్తుంది. కానీ తెచ్చినవాళ్లకే ఇస్తే, తేవడమే వ్యాపారమవుతుంది.

బంధువుల మధ్య దత్తత వేరు. అక్క కొడుకును పెంచుకోవడం మన ఇళ్లలో కొత్త కాదు. హిందువులైతే 1956 దత్తత చట్టం కింద చేసుకోవచ్చు. బిడ్డకు 15 ఏళ్లు నిండి ఉండకూడదు, కొడుకును తీసుకునేవారికి అప్పటికే కొడుకు గానీ కొడుకు కొడుకు గానీ ఉండకూడదు, కూతురి విషయంలోనూ అంతే. తీసుకునేవారికీ బిడ్డకూ ఆడా మగా తేడా ఉన్నచోట 21 ఏళ్ల అంతరం ఉండాలి. ఇవ్వడం, పుచ్చుకోవడం నిజంగా జరగాలి. దత్తహోమం తప్పనిసరి కాదు. దత్తపత్రం సబ్ రిజిస్ట్రార్ దగ్గర రిజిస్టర్ చేయిస్తే కోర్టు దాన్ని సరైనదిగానే భావిస్తుంది. డబ్బు చేతులు మారితే ఈ చట్టం కింద కూడా నేరమే.

బాల న్యాయ చట్టం కింద బంధువుల దత్తతకు క్యూ లేదు, కానీ అక్కడ ‘బంధువు’ అంటే బిడ్డకు బాబాయి, పెదనాన్న, మేనత్త, మేనమామ, పిన్ని, పెద్దమ్మ, తాతలు, అమ్మమ్మ, నానమ్మ. వరసకు మామయ్య అయ్యే దూరపు చుట్టం ఈ జాబితాలోకి రాడు. అమెరికాలో ఉన్న అన్నయ్యకు తమ్ముడి బిడ్డను ఇక్కడ స్టాంపు కాగితం మీద దత్తత ఇచ్చి వీసాకు వెళ్లిన కుటుంబాలు అక్కడే ఆగిపోతాయి. దేశాల మధ్య దత్తతలపై ఉన్న హేగ్ ఒప్పందం ప్రకారం, కారా అనుమతితో నడిచిన ఫైలు లేకుండా బిడ్డ విమానం ఎక్కదు.

ఫాస్టర్ కేర్

ఫాస్టర్ కేర్ అంటే బిడ్డను దత్తత తీసుకోకుండా కొంతకాలం మన ఇంట్లో పెంచడం. పేరులో ‘ఫాస్టర్’ ఉన్నంత మాత్రాన ఇది త్వరగా వచ్చే దత్తత అనుకోకూడదు. తల్లిదండ్రులు ఉండీ పెంచలేని స్థితిలో ఉన్న పిల్లలు, ఏళ్ల తరబడి హోమ్‌లో ఉండి ఎవరూ చూడటానికి రాని పిల్లలు, దత్తతలో కుటుంబం దొరకని పిల్లలు దీనికి వస్తారు. 2024 మార్గదర్శకాల ప్రకారం ఆరేళ్లు దాటిన పిల్లలకే ఇది వర్తిస్తుంది. దంపతులతో పాటు 35 నుంచి 60 ఏళ్ల మధ్య ఉన్న ఒంటరి వ్యక్తులూ దరఖాస్తు చేయవచ్చు. పెళ్లికానివారు, భర్త లేదా భార్య పోయినవారు, విడాకులు తీసుకున్నవారు అందరూ ఇందులోకి వస్తారు. ఒంటరి పురుషుడికి మగపిల్లవాడినే ఇస్తారు. కేంద్ర ప్రభుత్వ పథకం మిషన్ వాత్సల్య కింద నెలకు బిడ్డకు 4,000 రూపాయల సాయం ఉంది. అది బిడ్డ ఖర్చుకు ఆసరా మాత్రమే, జీతం కాదు. ఆ డబ్బు మీద లెక్కలు వేసుకుని వచ్చే ఇంటిని డీసీపీయూ మొదటి మాటల్లోనే పసిగడుతుంది.

ఇక్కడ తేడా పత్రంలో కాదు, మనసులో పడాలి. బిడ్డ కన్నతల్లి కోలుకుంటే బిడ్డ వెనక్కి వెళ్లవచ్చు. వెళ్లడం విఫలమైనట్టు కాదు, పని పూర్తయినట్టు. ఈ మాట ఒప్పుకోలేనివారు దత్తత క్యూలోనే నిలబడటం ఇద్దరికీ మంచిది. కొన్ని ఇళ్లకు ఇదే బాగా సరిపోతుంది: పిల్లలు చదువులకు వెళ్లిపోయిన యాభైల్లోని దంపతులు, పదేళ్ల బిడ్డకు హోంవర్క్ చేయించే ఓపిక ఉన్న రిటైర్డ్ టీచరమ్మ. బిడ్డ పేరు, ఇంటిపేరు మార్చకూడదు. ఫొటోలు వాట్సాప్ స్టేటస్‌లో పెట్టకూడదు. కన్నవాళ్లు చూడటానికి వచ్చే రోజున బిడ్డ రాత్రి నిద్రపోదు, మర్నాడు బడిలో గొడవ చేస్తుంది. దానికి కన్నవాళ్లను తప్పుపట్టి రాకపోకలు ఆపమని అడిగేవాళ్లు ఎక్కువ. వచ్చి వెళ్లిన మర్నాడు సెలవు పెట్టి బిడ్డ దగ్గర ఉండటం అంతకంటే బాగా పనిచేస్తుంది.

ఫాస్టర్ కేర్‌లో బిడ్డ రెండేళ్లు ఉన్నాక, చట్టపరంగా దత్తతకు స్వేచ్ఛ ఉన్న బిడ్డ అయితే, ఆ కుటుంబమే దత్తతకు దరఖాస్తు చేసుకోవచ్చు. అంతకుముందు ఇది ఐదేళ్లు. బిడ్డను ఇంటికి పంపుతూ బాలల సంక్షేమ సమితి ఇచ్చే ఉత్తర్వు ఒరిజినల్‌ను, పొడిగింపు ఉత్తర్వులతో కలిపి, ఒకే కవర్లో భద్రంగా పెట్టుకోవాలి. రెండేళ్లు లెక్కేసేది ఆ కాగితం మీద తేదీ నుంచి.